గుడివాడ పూత

జనవరి 5, సోమవారం

ఈ డైరీ పోయిన సంవత్సరానిది. ఇన్సూరెన్సు ఏజెంటు ఇచ్చిపోయాడు, ఏడాదంతా అందులో ఒక్క అక్షరం రాయలేదు. పైన అచ్చేసిన 1997 కొట్టేసి 98 అని వేశాను. వారాలు ఒకరోజు వెనక్కి ఉన్నాయి కాబట్టి వాటినీ రోజూ దిద్దుకోవాలి. కొత్తది కొనుక్కోవచ్చు కదా అంటుంది బుల్లెమ్మ. శుభ్రంగా ఉన్న కాగితం పారెయ్యడం నావల్ల కాదు.

నిన్న పొద్దున్న బందరు కాలవలో నాకు బాప్తిస్మం జరిగింది. రాజబాబు పాస్టరుగారు నన్ను వెనక్కి వాల్చి ముంచారు. ముక్కులోకి నీళ్ళు పోయాయి. దగ్గుతూ పైకి లేచేసరికి గట్టు మీద అందరూ పాడుతున్నారు, బుల్లెమ్మ ఏడుస్తోంది. ఇరవై రెండేళ్ళ కాపురంలో నావల్ల చాలాసార్లు ఏడ్చింది గాని సంతోషంతో ఏడవడం ఇదే మొదలు.

కృపావరం అని పేరు పెట్టారు. "నీళ్ళలోకి దిగింది రత్తయ్య, పైకొచ్చింది కృపావరం. పాత మనిషిని కాలవలో పాతిపెట్టేశాం బ్రదరూ," అన్నారు పాస్టరుగారు. ఆ మాట నాకు చాలా నచ్చింది. ఇంటికొచ్చేదాకా మనసులో పదిసార్లు అనుకున్నాను. రోజూ నాలుగు మాటలు రాసుకోమన్నది కూడా ఆయనే. బుల్లెమ్మకి చదువు రాదు, పిల్లలు లేరు, ఇది చదివేవాళ్ళెవరూ లేరు. హాయిగా రాసుకోవచ్చు.

జనవరి 8

చిలకలపూడిలో ఒక్కరూ కృపావరం అనడం లేదు. టీ కొట్టతను ఈ రోజు కూడా "గిల్టు రత్తయ్య గారూ" అన్నాడు. పలకలేదు. మూడుసార్లు పిలిచి, "చెవుడేవన్నా వచ్చిందా అండీ," అని అడిగాడు. ఈలోగా టీ చల్లారిపోయింది. విశ్వాసికి శ్రమలు తప్పవు అనుకుని తాగేశాను.

జనవరి 18, ఆదివారం

మందిరంలో సాక్ష్యం చెప్పమన్నారు. చుట్టల గురించి చెప్పాను, పేకాట గురించి చెప్పాను, సెకండ్ షో చూసొచ్చి బుల్లెమ్మతో ఓవర్‌టైం చేశానని బొంకడం గురించి చెప్పాను. పేకాట దగ్గర అందరూ నవ్వారు. బాగా చెప్పానని పాస్టరమ్మగారు మెచ్చుకున్నారు.

"ఇంకేవన్నా ఉన్నాయా బ్రదరూ?" అన్నారు పాస్టరుగారు.

"మిగతావన్నీ చిల్లర పాపాలండి," అన్నాను. మళ్ళీ నవ్వారు.

ఒక సంగతి మాత్రం విడిగా అడిగాను. మా సంఘంలో ఆడవాళ్ళు నగలు పెట్టుకోరు. బాప్తిస్మానికి దిగేముందు కాలవ గట్టు మీదే తీసేస్తారు, ఆ తర్వాత మెడ బోసిగానే ఉంటుంది. బుల్లెమ్మ కూడా రెండేళ్ళ కిందట గాజులు తీసి ట్రంకు పెట్టెలో పెట్టేసింది. నేను చూస్తే పొద్దస్తమానం నగలు చేసి బతికేవాణ్ణి. ఇది తప్పు కాదా అని అడిగితే పాస్టరుగారు కాసేపు ఆలోచించి, "మీరు చేసేది గిల్టు కదా బ్రదరూ, దాన్ని నగ అంటామా?" అన్నారు. ముప్ఫై ఏళ్ళ పనివాణ్ణి. కొంచెం నొచ్చుకున్నాను, కొంచెం ఊపిరి పీల్చుకున్నాను.

జనవరి 27

ఈ రోజు ఎవరూ రత్తయ్యా అని పిలవలేదు. దుకాణం తెరవలేదు.

ఫిబ్రవరి 11, బుధవారం

నాగాయలంక నుంచి వదిన వచ్చింది, కళ్ళు చూపించుకోవడానికి. మూడు వారాలు చుక్కలు వేసుకోవాలన్నారట, ఇక్కడే ఉంటుంది. అన్నయ్య పోతయ్య పోయి మూడేళ్ళయింది. ఒక్కతే ఎండు చేపల వ్యాపారం చేసుకుంటూ గట్టిగానే ఉంది. బస్సు దిగి నన్ను చూడగానే, "ఏం రత్తయ్యా, చిక్కావేంటి?" అంది.

"కృపావరం, వదినా."

"ఎవరు?"

"నేనే."

"సరేలే. సంచీ పట్టుకో," అంది.

దారిలోనే పండుగప్ప కొంది. వచ్చీ రాగానే పులుసు తనే పెట్టింది. దివిసీమలో ఆవిడ చేతి పులుసుకి సాటి లేదు. తల బుల్లెమ్మకి వేసింది, నాకు తోక ముక్క వచ్చింది. వదిన వడ్డిస్తే నాకెప్పుడూ తోకే. చిన్నప్పుడు తల కోసం అన్నయ్యతో కొట్టుకునేవాణ్ణని ఆవిడకి తెలుసు, మరి మర్చిపోయినట్టుంది.

మెడలో ఆ గొలుసే ఉంది. గోధుమ గింజలు అల్లినట్టుండే గోధుమ గొలుసు.

ఫిబ్రవరి 12

ఆ గొలుసు గురించి ఒక్కసారి రాసేస్తే మళ్ళీ రాయక్కర్లేదు.

1986లో కొక్కెం విరిగిందని అన్నయ్య దాన్ని నా దగ్గరకి తెచ్చాడు. రెండు కాసుల బంగారం, వదినకి పుట్టింటివాళ్ళు పెట్టింది. అప్పటికి రత్తయ్య ఇంకొకరి దగ్గర కూలికి పనిచేస్తున్నాడు. సొంతంగా దుకాణం పెట్టుకోవాలని ఉంది, చేతిలో ఏమీ లేదు. వారం రోజులు గొలుసు దగ్గర పెట్టుకుని, దాని లింకులు కడియం కడియంగా చూసి, రాగి తీగ మీద బంగారు రేకు తాపి అచ్చం అలాంటిదే ఇంకొకటి చేశాడు. రాగి తేలిక కాబట్టి తీగ కొంచెం లావు తీసుకున్నాడు. అన్నయ్య వచ్చి చేతిలో పట్టుకుని చూసి, "బాగా మెరుగు పెట్టావురా," అని జేబులో వేసుకుని బస్సెక్కాడు. అసలుది అమ్మగా వచ్చినదే ఈ దుకాణం.

చేసింది రత్తయ్య. వాడు కాలవలో ఉన్నాడు.

ఒక్క మాట మాత్రం పనివాడిగా రాసుకోవాలి. ఏ గిల్టూ నాలుగేళ్ళకి మించి నిలవదు. సముద్రపు గాలికి, ఉప్పు చేపలకి, ఆ చెమటకి రెండేళ్ళు నిలిస్తే గొప్ప. ఇది పన్నెండేళ్ళుగా నిగనిగలాడుతోంది. ఆ రోజు రేకు అంత బాగా ఎలా పట్టిందో నాకే తెలియదు. మళ్ళీ అలాంటి పని నా చేతిలో పడలేదు. ఇందులో దేవుడి దయ కూడా ఉందేమో, అన్నదమ్ముల మధ్య గొడవలు రాకుండా.

ఫిబ్రవరి 22, ఆదివారం

వదిన బుల్లెమ్మతో కలిసి మందిరానికి వచ్చింది. కళ్ళలో చుక్కలు వేసుకున్నాను కదా, ఊరికే కూర్చోక వెళ్దామని అందట. వాక్యం అంతా శ్రద్ధగా వింది. బయటికొచ్చాక, "తెలిసి తెలిసి తప్పు చేసినవాణ్ణి కూడా దేవుడు ఊరికే క్షమిస్తాడా, లేక ఏవైనా కట్టించుకుంటాడా?" అని పాస్టరుగారిని అడిగింది.

"ఊరికేనమ్మా. దాన్నే కృప అంటాం," అన్నారాయన.

"ఊరికేనా," అంది వదిన. దారిలో ఆ మాటే ఇంకో రెండుసార్లు అంది. సముద్రం మీద బతికేవాళ్ళకి ఊరికే వచ్చేదేదీ ఉండదు, అందుకే నమ్మడం కష్టమైందనుకున్నాను.

మార్చి 1, ఆదివారం

వదిన చెయ్యి ఎత్తింది. బాప్తిస్మం తీసుకుంటుందట.

బుల్లెమ్మ ఆవిణ్ణి పట్టుకుని ఏడ్చింది. నాకూ సంతోషమే. చాలా సంతోషం. కాలవలు ఏప్రిల్ చివర్లో కట్టేస్తారట, ఆ లోపు పంతొమ్మిదో తారీకు ఆదివారం అనుకున్నారు.

మార్చి 3

ఆదివారం రాయని సంగతి ఒకటి ఉంది. కూడిక అయ్యాక పాస్టరమ్మగారు అందరూ వినేలా అన్నారు, "వెంకాయమ్మగారు గొలుసు తీసేస్తారు కదా, మన మందిరం కప్పుకి పెద్ద కానుక అదే అవ్వచ్చు." మందిరం మీద ఉన్నది తాటాకు, వానాకాలంలో గొడుగులు వేసుకుని ఆరాధన చేస్తాం. ఇంతకు ముందు ఇద్దరు సిస్టర్లు తీసిన నగలు అలాగే కప్పుకి ఇచ్చారు. వాటిని పాస్టరుగారు బంగారం కొట్టుకి పట్టుకెళ్తారు. అక్కడ గీటురాయి మీద గీస్తారు.

వదిన నవ్వింది.

గీటురాయి మీద గీస్తే రాగి బయటపడుతుంది. దేవుడికి గిల్టు ఇచ్చిందని వదినని అంటారు. కొత్తగా విశ్వాసంలోకి వచ్చిన మనిషి, సంఘం మధ్య తల ఎత్తుకోలేదు. ఆవిడకేమీ తెలియదు కాబట్టి ఏం జరిగిందో కూడా అర్థం కాదు. ఎవరు చేశారని ఆలోచిస్తే మాత్రం ఎంతోసేపు పట్టదు, ఆ గొలుసు బాగుచేసినవాడు ఒక్కడే.

మార్చి 4

అన్నం సయించలేదు. పాత మనిషి చేసినదానికి కొత్త మనిషి ఎందుకు జవాబు చెప్పాలి? పాస్టరుగారిని అడుగుదామని వెళ్ళాను. "ఏంటి బ్రదరూ?" అన్నారు. కప్పుకి రేకులు మంచివా, పెంకులు మంచివా అని అడిగి వచ్చేశాను.

మార్చి 9, సోమవారం

దారి దొరికింది. ఇన్ని రోజులూ ఎందుకు తట్టలేదో.

అసలు బంగారంతో అచ్చం అదే గొలుసు మళ్ళీ చేస్తాను. మెరుగు పెడతానని వదిన దగ్గర పాతది తీసుకుని, కొత్తది ఇచ్చేస్తాను. వదిన సొమ్ము వదినకి చేరుతుంది, మందిరానికి కప్పు వస్తుంది, ఎవరి మనసూ కష్టపడదు. రత్తయ్య చేసినదాన్ని కృపావరం సరిచేసినట్టు. చెప్పడం వల్ల ఇప్పుడు ఎవరికి లాభం? అన్నయ్య కూడా లేడు.

బంగారం ట్రంకు పెట్టెలోనే ఉంది. బుల్లెమ్మ గాజులు. ఎలాగూ ఆమె పెట్టుకోదు. ఈ రోజు ఆమె కూరగాయలకి వెళ్ళినప్పుడు తీశాను. అడిగితే ఇస్తుంది, కాని ఎందుకని అడుగుతుంది.

మార్చి 16

ముప్ఫై ఏళ్ళు రాగితోనే గడిపాను. బంగారం చేతిలో ఎంత మెత్తగా ఉంటుందో మర్చిపోయాను. తీగ లాగితే మాట వింటుంది. పాత గొలుసు ఎదురుగా లేదు, అయినా ఒక్కో కడియం ఎలా మెలితిరగాలో వేళ్ళకి తెలుసు. మధ్యాహ్నాలు కరెంటు పోయినప్పుడు గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చుని చేస్తున్నాను. పని చేస్తూ పాటలు పాడుతున్నానని పక్క దుకాణం వాళ్ళు అన్నారు.

మనసు తేలికగా ఉంది.

మార్చి 25

పూర్తయింది. చాలా బాగా వచ్చింది.

ఏప్రిల్ 4, శనివారం

ఆదివారం ఆరాధనకి వదిన ఈ రోజే నాగాయలంక నుంచి వచ్చింది. టీ తాగుతుండగా అడిగాను, "వదినా, గొలుసు ఓసారి ఇయ్యి. బాప్తిస్మం లోపు మెరుగు పెడతాను."

వదిన గ్లాసు కింద పెట్టింది. నా మొహంలోకి చూసింది.

"నువ్వే చేస్తావా, ఇంకెవరికైనా ఇస్తావా?"

"నేనే."

"సరే. బాగా చూసి చెయ్యి మరి," అని మెడలోంచి తీసి ఇచ్చింది. కొక్కెం బిగుసుకుపోయి ఉంది, ఇద్దరం కలిసి తియ్యాల్సి వచ్చింది.

దుకాణానికి తెచ్చాను. మార్చేసి సాయంత్రమే ఇచ్చెయ్యాలి, అంతే పని. కాని పన్నెండేళ్ళు నిలిచిన నా పనిని ఒక్కసారి దగ్గరగా చూసుకోవాలనిపించింది. రేకు ఎలా పట్టిందో తెలిస్తే మళ్ళీ చెయ్యచ్చు. భూతద్దం పెట్టుకున్నాను.

అది నా రేకు కాదు.

రేకు తాపితే అతుకు దగ్గర సన్నటి గీత ఉంటుంది. నా గొలుసులో ప్రతి కడియానికీ ఆ గీత ఉండాలి. ఇక్కడ గీతలన్నీ పూడిపోయి ఉన్నాయి. ఇది కరెంటు పూత, తొట్టిలో ముంచి తీసింది. అదీ ఒక్కసారి కాదు. కొక్కెం వంపులో గోటితో గీరితే పొర కింద పొర, దాని కింద ఇంకో పొర. ఎన్నని లెక్క తెలియలేదు. అన్నిటికంటే కింద, అరిగిపోయి, నా రేకు తునకలు.

ఎవరో దీనికి ఏళ్ళ తరబడి పూత వేయిస్తూ వచ్చారు. ఇంకెవరు వేయిస్తారు.

వదినకి తెలుసు.

ఏప్రిల్ 5, ఆదివారం

తలనొప్పి అని చెప్పి ఆరాధనకి వెళ్ళలేదు. తలనొప్పి లేదు. సాయంత్రం వదిన బస్సెక్కుతూ, "గొలుసు అయిందా?" అని అడిగింది. ఇంకా కాలేదన్నాను. "తొందరేం లేదులే," అంది.

పన్నెండేళ్ళు నా పనితనం అని మురిసిపోయాను.

ఏప్రిల్ 7, మంగళవారం

రెండు గొలుసులూ జేబులో పెట్టుకుని పొద్దున్న బస్సుకి నాగాయలంక వెళ్ళాను. వదిన పెరట్లో ఎండు చేపలు తిరగేస్తోంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. "ఆ పక్కవి తిరగెయ్యి," అంది. కూర్చుని తిరగేశాను. చిన్నప్పుడు చేసిన పని, కంపు కూడా మర్చిపోలేదు. సగం వరుస అయ్యాక చెప్పాను.

"వదినా, ఆ గొలుసు రత్తయ్య..." అని మొదలుపెట్టాను. మళ్ళీ మొదలుపెట్టాను. "నేను తీశాను వదినా. బంగారం నేను అమ్ముకున్నాను. నీకిచ్చింది రాగి."

వదిన చేతులు ఆగలేదు. ఆ వరుస చివరిదాకా తిరగేసి, లేచి చేతులు కడుక్కుని వచ్చి నా ఎదురుగా పీట వేసుకుంది.

"రెండో ఏడే తెలిసింది. మెడ మీద పచ్చగా మరక పడింది. ఎంత రుద్దినా పోలేదు. మా చెల్లెలు గుడివాడలో ఉంది కదా, దానికి చూపిస్తే కొట్టుకి తీసుకెళ్ళింది. కొట్టాయన చూసీ చూడగానే చెప్పేశాడు."

"అన్నయ్యకి చెప్పలేదా?"

"చెప్తే? మీ అన్న కత్తి పట్టుకుని బందరు బస్సెక్కేవాడు. నువ్వు ఆసుపత్రిలో, ఆయన జైల్లో, నేను ఈ పెరట్లో. అందుకని గుడివాడలోనే పూత వేయించాను. మళ్ళీ ఏడాదికి నలుపెక్కింది, మళ్ళీ వేయించాను. ఏటా చెల్లెలి పిల్లల్ని చూసొస్తానని చెప్పి వెళ్ళేదాన్ని. బందరులో వేయిస్తే నీకు తెలిసిపోతుందని అంత దూరం."

తిరగేసిన చేపనే మళ్ళీ తిరగేశాను.

"నేనేదో మంచిదాన్ననుకోకు," అంది. "మొదట్లో నీకు పురుగులు పడాలని రోజూ తిట్టుకునేదాన్ని. నువ్వొచ్చినప్పుడల్లా పులుసులో తల ఎవరికో ఒకరికి వేసేసేదాన్ని, నీకు మాత్రం వేసేదాన్ని కాదు. కుక్కకి వేశాను ఓసారి. గమనించావా?"

"మర్చిపోయావనుకున్నాను."

"మర్చిపోవడవా!" అని నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "తర్వాత తర్వాత కోపం తగ్గిపోయింది. బస్సులో కూర్చున్నప్పుడల్లా ఈ వెధవ బాగుపడితే బాగుండు అనుకునేదాన్ని. మీ పాస్టరుగారు ఊరికే క్షమిస్తాడు అన్నారు చూడు, ఆ రోజు నాకు అర్థమైంది. ఊరికే అంటే ఖర్చు లేకుండా కాదు. ఖర్చు అవతలివాళ్ళు పెట్టుకుంటారు. అయినా నేనూ మొగుడికి ఏటా అబద్ధం చెప్పినదాన్నే. ఆ నీళ్ళలోకి నేనూ దిగాల్సినదాన్నే."

అప్పుడు కొత్త గొలుసు తీసి ఇచ్చాను. గీటురాయి సంగతి, మందిరం కప్పు సంగతి, నేను పడిన భయం, అన్నీ చెప్పాను.

"ఆ గొలుసు గిల్టుదని పాస్టరమ్మగారికి ఆ రోజే చెప్పాను," అంది వదిన. "మా మరిది చేసిందని చెప్పాను. పని బాగుందన్నారావిడ."

నెల రోజులు నేను చచ్చిపోయింది ఇందుకు.

వదిన బంగారు గొలుసుని అరచేతిలో పెట్టుకుని చూసింది. బరువు తెలిసినట్టుంది, రెండోసారి కూడా ఎత్తి చూసింది. మొహంలో ఆశ కనిపించింది. కనిపించలేదంటే అబద్ధం రాసినట్టే. తర్వాత అడిగింది, "బంగారం ఎక్కడిది?"

"బుల్లెమ్మ గాజులు."

"దానికి చెప్పావా?"

నేను చేపల వైపు చూశాను.

"అప్పుడు నాది తీశావు, ఇప్పుడు దానివి తీశావు," అంది వదిన నెమ్మదిగా. గొలుసు నా చేతిలో పెట్టి వేళ్ళు మూసింది. "ముందు ఇంటికెళ్ళి దానికి చెప్పు. ఇది దానిది. నా గొలుసు నాకియ్యి."

పాతది ఇచ్చాను. మెడలో వేసుకుంది. కొక్కెం నేనే పెట్టాను.

మధ్యాహ్నం అన్నం పెట్టింది. పండుగప్ప పులుసు. నా కంచంలో తల వేసింది. తినడానికి చాలాసేపు పట్టింది.

బస్సులో ఒక విషయం తెలిసింది, మర్చిపోకముందే రాస్తున్నాను. గాజులు తీసింది రత్తయ్య కాదు. బాప్తిస్మం అయిన రెండు నెలలకి, పాటలు పాడుకుంటూ తీసినవాడు కృపావరం. ఈసారి తోసెయ్యడానికి ఎవరూ లేరు.

ఏప్రిల్ 8

బుల్లెమ్మకి చెప్పాను. రెండూ చెప్పాను. "అడిగితే ఇయ్యనా?" అంది. అంతే. తర్వాత మాట్లాడలేదు.

ఏప్రిల్ 9

మాట్లాడలేదు.

ఏప్రిల్ 10, గుడ్ ఫ్రైడే

మందిరంలో పక్కపక్కనే మూడు గంటలు కూర్చున్నాం. మాట్లాడలేదు. పాటల పుస్తకం మాత్రం నావైపు జరిపింది, చదవడం రాదు కాబట్టి.

ఏప్రిల్ 12, ఈస్టరు

తెల్లవారుజామున ఆరాధనకి బయల్దేరుతుంటే, "చొక్కా మార్చుకో, కాలరు చిరిగింది," అంది. నాలుగు రోజుల తర్వాత ఆ గొంతు వినేసరికి చొక్కా తిరగేసి తొడుక్కున్నాను. అది చూసి నవ్వింది. "ఏమయ్యా, ఇంకేవన్నా ఉంటే ఇప్పుడే చెప్పెయ్యి. విడతలు విడతలుగా నావల్ల కాదు," అంది.

ఆలోచించి, 1981లో ఆమె పుట్టింటి నుంచి వచ్చిన జీడిపప్పు గురించి చెప్పాను. అది తనకి తెలుసట.

మందిరంలో మళ్ళీ సాక్ష్యం చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. పాస్టరుగారు దగ్గరకొచ్చి భుజం మీద చెయ్యి వేసి, "రేకులా పెంకులా అని అడిగిన రోజు చెప్పాలనుకున్నది ఇదేనా బ్రదరూ?" అన్నారు. అదేనన్నాను. బంగారు గొలుసు కప్పుకని బుల్లెమ్మ తనంతట తనే పాస్టరమ్మగారికి ఇచ్చింది. "ఇది మా ఆయన చేసిన ఒకే ఒక్క అసలు నగ," అని చెప్పి మరీ ఇచ్చింది.

ఏప్రిల్ 19, ఆదివారం

కాలవ నీళ్ళు అప్పుడే తగ్గుముఖం పట్టాయి. వదిన తెల్లచీర కట్టుకుని గట్టు మీద నిలబడింది. గొలుసు తియ్యబోతే కొక్కెం రాలేదు. పాస్టరమ్మగారు ప్రయత్నించారు, బుల్లెమ్మ ప్రయత్నించింది. సంఘం అంతా చూస్తోంది, పాట రెండోసారి మొదలుపెట్టారు. వదిన మెడ తిప్పి జనంలో వెతికింది.

"రత్తయ్యా, ఇలా వచ్చి ఇది తియ్యి," అంది.

మూడు నెలలుగా ఆ పేరుకి నేను పలకలేదు. చల్లటి టీలు తాగాను. కాని ఆ పిలుపు విన్న క్షణం నాకు ఒకటి తెలిసింది. ఏటా బస్సెక్కి గుడివాడ వెళ్ళి ఈవిడ కాపాడింది కృపావరాన్ని కాదు. దేవుడు వెతుక్కుంటూ వచ్చిందీ కృపావరం కోసం కాదు. అప్పటికి కృపావరం లేనే లేడు. దొంగ రత్తయ్యని, తోక ముక్క తింటున్న రత్తయ్యని వాళ్ళు వదిలిపెట్టలేదు. వాడు కాలవలో ఉన్నాడని నేనే అబద్ధం చెప్పుకున్నాను.

"వస్తున్నా వదినా," అని వెళ్ళాను.

నేను చేసిన కొక్కెమే, గోటితో నొక్కితే వచ్చింది. గొలుసు నా చేతిలో పడింది. మెడ మీద పచ్చటి మరక సన్నగా ఇంకా ఉంది.

"దాన్ని నువ్వే ఉంచుకో," అంది వదిన. "ఇంక పూత వేయించక్కర్లేదు."

అని కాలవలోకి దిగింది. నీళ్ళు చల్లగా ఉన్నట్టున్నాయి, అబ్బా అంది. పాస్టరుగారు ముంచి లేపారు. నాలాగే ముక్కులోకి నీళ్ళు పోయి దగ్గింది. పాస్టరుగారు ఏదో పేరు పెట్టబోతే, దగ్గుతూనే చెయ్యి అడ్డం పెట్టి, "వెంకాయమ్మే ఉంచండి, దేవుడికి ఈ పేరుతోనే అలవాటు," అంది. గట్టు మీద అందరం నవ్వాం.

జూలై 14

కప్పు పడింది. పెంకులే వేశారు. మొన్నటి వానకి ఒక్క చుక్క కారలేదు, గొడుగులు అలవాటుగా తెచ్చుకున్నవాళ్ళు వాటిని ఎక్కడ పెట్టాలో తెలియక చేతుల్లో పట్టుకుని కూర్చున్నారు.

టీ కొట్టతను రత్తయ్య గారూ అంటాడు. పాస్టరుగారు కృపావరం బ్రదరూ అంటారు. రెంటికీ పలుకుతున్నాను. టీ వేడిగా తాగుతున్నాను.

గొలుసు దుకాణంలో నా పీట ఎదురుగా మేకుకి తగిలించాను. ఉప్పు గాలికి అప్పుడే నలుపెక్కింది, కొక్కెం దగ్గర రాగి బయటపడింది. చింతపండు పెట్టి రుద్దుతానని బుల్లెమ్మ రెండుసార్లు చెయ్యి పెట్టబోయింది, వద్దన్నాను. పొద్దున్న కృత్తివెన్ను నుంచి వచ్చిన కొనుగోలుదారు దాన్ని చూసి, "ఇంత నల్లగా అయిపోయింది, ఎవరి పని అండీ ఇది?" అని అడిగాడు.

"నా పనే," అన్నాను.